‘స్లోగా ఉంది’ అంటే ఎవరూ కదలరు, చెల్లెమ్మా

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను అనంతపురంలో ఇంటి ప్లాన్లు, త్రీడీ ఎలివేషన్లు గీసి ఇచ్చే పని చేస్తాను. సివిల్ డిప్లొమా చదివాను. ఆఫీసంటే మా ఇంటి ముందుగదే. నేను, సాయానికి మా చిన్నమ్మ కూతురు, ఇద్దరమే. గీతలకు ఆటోక్యాడ్, ఇంటి త్రీడీ మోడల్‌కు రెవిట్, దాన్ని బొమ్మలుగా, వీడియోగా చూపేందుకు లూమియన్ వాడతాను. పాత కంప్యూటరు చాలడం లేదని ఫిబ్రవరిలో 1,86,000 రూపాయలు పెట్టి ఒక పెద్ద కంపెనీ వర్క్‌స్టేషన్ కొన్నాను. గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు. నా పనేమిటో చెప్తే, ‘ప్రొఫెషనల్ పనికి జియాన్ ప్రాసెసరే ఉండాలి మేడమ్’ అని డీలరే కాన్ఫిగరేషన్ రాసిచ్చాడు. ఇప్పుడు రెవిట్‌లో పెద్ద మోడల్‌లో ఒక గోడ జరిపితే చాలు, పాత ఐ5 కంప్యూటరు కంటే నిదానం. లూమియన్‌లో వాక్‌త్రూ (ఇంట్లో నడిచి చూసినట్టుండే వీడియో) తయారుకావడానికి రెండర్ పెడితే మధ్యాహ్నం పూట సగంలో ఠక్కున ఆగిపోతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ ‘విండోస్ మళ్లీ వేయండి’ అనే మాట. మూడుసార్లు వేశాను. చివరికి ఇంజనీరు వచ్చి, ప్లగ్గులో మీటరు పెట్టి చూసి, ‘ఎర్తింగ్ సరిగ్గా లేదు, ఇది వారంటీలోకి రాదు’ అని రాసి, నా సంతకం తీసుకుని పోయాడు. డీలరేమో కంపెనీతో మాట్లాడుకోమంటాడు. కస్టమర్ల ఫోన్ మోగితే టెన్షన్‌తో ఎత్తడమే మానేశాను. కన్స్యూమర్ కోర్టుకు పోవాలా? కొటేషన్, బిల్లు, ఇంజనీరు రాసిన కాగితం, డీలరుతో వాట్సాప్ మాటలు, స్క్రీన్ ఫొటోలు, గది ఫొటోలు పంపుతున్నాను.
– ఎస్., అనంతపురం

జవాబు:

చెల్లెమ్మా, తాకట్టు వడ్డీ కడుతూ, కొత్త కంప్యూటరు ముందు కూర్చుని పాతదాన్ని తలుచుకోవాల్సి రావడం మామూలు బాధ కాదు. నేను పాతికేళ్లుగా ఈ జిల్లాలోనే కంప్యూటర్లు విప్పి బిగించే పనిలో ఉన్నాను. మీరు పంపిన ఫొటోలన్నీ రెండు రాత్రులు కూర్చుని చూశాను. మీ కంప్యూటరులో మూడు సమస్యలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మూడింటికీ జవాబు చెప్పాల్సింది ఒకరే కాదు. మీరు అన్నిటినీ కలిపి ‘స్లోగా ఉంది, ఆగిపోతోంది’ అంటున్నారు కాబట్టి డీలరు కంపెనీ మీదికి, కంపెనీ మీ ఇంటి కరెంటు మీదికి తోసేస్తున్నారు. ముందు వీటిని విడదీసుకుందాం. కోర్టు సంగతి తర్వాత.

మొదట ఆ నిదానం సంగతి. మీ ఫొటోల్లో అన్నిటికంటే విలువైనది టాస్క్ మేనేజర్ (కంప్యూటరులో ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే విండో) ఫొటో. రెవిట్ విండో తెల్లబడి ‘నాట్ రెస్పాండింగ్’ అని ఉంది. అదే క్షణంలో పక్కన సీపీయూ, అంటే ప్రాసెసర్ వాడకం, 7 శాతం దగ్గర ఉంది. మీరు దీన్ని ‘చూడండన్నా, కంప్యూటరు ఏ పనీ చేయకుండా బిగుసుకుపోతోంది’ అనే ఉద్దేశంతో పంపారు. నిజానికి అది తన శక్తికొద్దీ పనిచేస్తోంది. మీ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, 8 ఉన్నాయి; ఒక్కో కోర్ రెండేసి పనుల వరుసలు నడుపుతుంది కాబట్టి థ్రెడ్లు 16. నూరును 16తో భాగిస్తే ఆరుంపావు. అంటే ఒకే ఒక్క థ్రెడ్డు పూర్తిగా పనిలో ఉంది, తక్కిన పదిహేనూ ఖాళీ. ఒక నాగలి ఉన్న రైతు పదహారు జతల ఎద్దులు కొన్నా, కాడికి కట్టేది ఒక జతనే. ఆ జత ఎంత చురుగ్గా నడిస్తే సేద్యం అంత. ఆటోక్యాడ్ చాలావరకు ఒకే కోర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. రెవిట్ కొన్ని పనులకు ఎక్కువ కోర్లు వాడుకుంటుంది కానీ, మీరు గోడ జరిపినప్పుడు, కిటికీ మార్చినప్పుడు చేసే లెక్క ఎక్కువగా ఒక కోర్ వేగం మీదే ఆధారపడుతుంది. మీ జియాన్ బేస్ వేగం కొటేషన్‌లోనే 2.9 గిగాహెర్ట్జ్ అని ఉంది. మీ పాత ఐ5 కోర్లు తక్కువే అయినా ఒక్కొక్కటి దీనికంటే చురుకు. అందుకే అది ముందు నడిచేది.

జియాన్ చెడ్డ ప్రాసెసరని నేను అనను. సర్వర్లలో రాత్రింబవళ్లు ఆగకుండా నడిచేందుకు, మెమరీలో పొరపాటున ఒక బిట్టు మారినా దిద్దుకునే ఈసీసీ ర్యామ్ వాడుకునేందుకు చాలామంది దాన్ని కొంటారు. మీ కొటేషన్‌లో ఆ ఈసీసీ ర్యామ్ కూడా లేదు, మామూలు ర్యామే ఉంది. అంటే జియాన్‌కు డబ్బు పెట్టారు, దానితో వచ్చే ముఖ్యమైన లాభం మాత్రం మీకు రాలేదు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

గ్రాఫిక్స్ కార్డు విషయం కూడా ఇలాంటిదే. లూమియన్ పని దాదాపు మొత్తం గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. ఇంటి ముందు గడ్డి, చెట్లు, రోడ్డు, పక్క బిల్డింగులు, ఇవన్నీ కార్డులోని మెమరీలోకి ఎక్కాలి. మీది 4 జీబీ కార్డు. క్యాడ్ గీతలకు అది చాలు. చెట్లున్న వాక్‌త్రూకు చాలదు. మీరు వాడే లూమియన్ వెర్షన్‌కు ఎంత కావాలో దాని కంపెనీ సైట్‌లోనే కనీసం, సిఫారసు అని రెండు వరుసల్లో ఉంటుంది. ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి.

ఈ ప్రాసెసర్, కార్డు సంగతికి కంప్యూటరు కంపెనీని ఎంత తిట్టినా లాభం లేదు. వాళ్లు చేసిన యంత్రం వాళ్లు చెప్పినట్టే నడుస్తోంది. జవాబు చెప్పాల్సింది డీలరు. నోటిమాటగా జరిగి ఉంటే ‘మేడమే అడిగారు’ అనేవాడు. కానీ మీరు జనవరిలోనే ‘ఆటోక్యాడ్, రెవిట్, లూమియన్ కోసం కావాలి’ అని వాట్సాప్‌లో రాశారు, ఆయన దాని కిందే కొటేషన్ పెట్టి ‘మీ పనికి బెస్ట్’ అన్నాడు. ఆ సంభాషణ మీ ఆస్తి. ఫోన్ మార్చేముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి.

రెండోది ర్యామ్. ఇందులో వాదనకు తావే లేదు కాబట్టి దీనితోనే మొదలుపెట్టండి. కొటేషన్‌లో ‘32 జీబీ (16×2)’ అని స్పష్టంగా ఉంది. మీ టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కింది వరుసలో స్లాట్లు నాలుగింటిలో ఒకటే వాడుతున్నట్టు చూపిస్తోంది. అంటే 16 జీబీవి రెండు పెట్టాల్సిన చోట 32 జీబీది ఒకటే పెట్టారు. మొత్తం అంతే కదా అని డీలరు అంటాడు. మొత్తం అంతే, దారి సగం. ప్రాసెసర్‌కు ర్యామ్‌తో మాట్లాడేందుకు రెండు చానళ్లుంటే, ఒకే ముక్క పెట్టినప్పుడు ఒక చానల్ మూతపడినట్టే. దీనివల్ల రెవిట్ రాత్రికి రాత్రి పరుగెత్తదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ రాసిచ్చినది ఒకటి, ఇచ్చినది ఒకటి అని నిరూపించేందుకు ఇంతకంటే తేలికైన సాక్ష్యం లేదు. కేబినెట్ మీద ఉన్న సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. ఫ్యాక్టరీ నుంచి ఏ ఏ భాగాలతో బయల్దేరిందో చాలా కంపెనీలు అక్కడ చూపిస్తాయి. ఫ్యాక్టరీలోనే ఒకటి పెట్టారా, అనంతపురం చేరాక మారిందా అనేది అక్కడ తేలిపోతుంది. అక్కడే వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో కూడా చూడండి. మీ బిల్లు తేదీ కంటే ముందు తేదీ ఉంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి.

మూడోది ఆ ఠక్కున ఆగిపోవడం. ఇది అసలైన హార్డ్‌వేర్ జబ్బు కావచ్చు, మీ ఇంటి కరెంటు కావచ్చు. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని తొమ్మిదిసార్లు పడినట్టు మీ స్క్రీన్ ఫొటోలో ఉంది. దానర్థం కంప్యూటరు పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. ఫోన్‌లో వాళ్లు ఆ నంబరు వినగానే ‘విండోస్ ఎర్రర్’ అంటే నమ్మకండి.

మీ గది ఫొటోలో నాకు రెండు విషయాలు కనిపించాయి. కేబినెట్ టేబుల్ కింద చెక్క అరలో ఉంది, వెనకవైపు గోడకు నాలుగు వేళ్ల సందు కూడా లేదు. మే నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. ఆ అరలో ఫ్యాను బయటికి వదిలిన వేడి గాలినే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. ఇక యూపీఎస్. దాని మీద 600 వీఏ అని ఉంది. ఆ సైజు యూపీఎస్‌లు మామూలుగా మోసేది 360 వాట్ల దాకా. ఈ కంప్యూటరు, రెండు మానిటర్లు కలిసి రెండర్‌లో ఉన్నప్పుడు ఆ గీతకు చాలా దగ్గరికి పోతాయి. మధ్యాహ్నం వోల్టేజీ పడిపోయి యూపీఎస్ బ్యాటరీ మీదికి మారిందంటే, ఆ క్షణంలో బరువు మోయలేక కట్ అయ్యే అవకాశం ఉంది. వేడెక్కిన ప్రాసెసర్ సాధారణంగా ముందు తన వేగం తగ్గించుకుంటుంది, ఆ తర్వాతే ఆగుతుంది. మీది వేగం తగ్గకుండా, లైటు ఆర్పినట్టు ఆగుతోంది. కాబట్టి నా అనుమానం వేడి కంటే కరెంటు దారి మీదే ఎక్కువ, అంటే యూపీఎస్, లేదా కంప్యూటరు లోపలి పవర్ సప్లై.

అనుమానంతో కంపెనీ ముందు నిలబడలేం. ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఒకే లూమియన్ ఫైలు, ఒకే రెండర్. పొద్దున ఐదున్నరకు ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి. తర్వాత కేబినెట్‌ను అరలోంచి బయటికి తీసి, నేల మీద కాకుండా ఒక పీట మీద పెట్టి మళ్లీ ఆ రెండు వేళల్లోనూ. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో లాగింగ్ మొదలుపెడితే అది ప్రతి రెండు సెకన్లకు టెంపరేచర్ ఫైలులో రాస్తూ పోతుంది. ఆగిపోయాక ఆ ఫైలు తెరిచి చివరి వరుస చూడండి. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర ఉంటే వేడి. 70, 75 దగ్గర ఉండగానే ఆగి ఉంటే ప్రాసెసర్ వేడికి సంబంధం లేదు. ఎర్తింగ్ సరిచేయించాక, ఎలక్ట్రీషియన్ పక్కన ఉండగా, యూపీఎస్ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి ఒకసారి. అప్పుడూ ఆగితే అనుమానం ఎక్కువగా కంప్యూటరు లోపలి పవర్ సప్లై మీదికే పోతుంది. అప్పుడు దాన్ని పరీక్షించమని కంపెనీని గట్టిగా అడగొచ్చు.

ఎర్తింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆ ఇంజనీరు మీద మీకు కోపంగా ఉంది కానీ, ఆయన చూసినదాంట్లో అబద్ధం ఉండకపోవచ్చు. కేబినెట్ వెనక ఇనుప రేకును తాకితే వేలికి సన్నగా జివ్వుమంటోందా? అయితే ఎర్త్ పనిచేయడం లేదు. మనది వానలు తక్కువ పడే నేల. ఎండాకాలం వచ్చేసరికి ఎర్త్ గుంతలో మట్టి పొడిబారి, కరెంటును భూమిలోకి పోనివ్వదు. పదేళ్ల కిందట గుత్తి రోడ్డులో ఒక డీటీపీ సెంటరుకు పోయాను. నెలకొక పవర్ సప్లై కాలిపోయేది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే 18 వోల్టులు చూపించింది. అది రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. వెనక పెరట్లో గుంత మూత ఎత్తితే లోపల మట్టి పెంకులా పగిలి ఉంది. ఆ ఇంటి పెద్దాయన నాలుగు బిందెల నీళ్లు నిదానంగా పోశాడు. మట్టి ‘సుయ్’మంటూ పీల్చుకుంది. గంట తర్వాత మీటరు పెడితే 4 వోల్టులు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బొగ్గు, ఉప్పు మార్పించాక ఇంకా తగ్గింది. అప్పటి నుంచి ఆయన ఎండాకాలంలో వారం వారం మొక్కలకు పోసినట్టే గుంతకూ నీళ్లు పోసేవాడు. మీరూ ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మీటరు మీరు పెట్టొద్దు. సరిచేశాక అంకె కనిపించేలా మీటరు ఫొటో తీసి, తేదీతో ఆయన చేత ఒక చీటీ రాయించుకోండి.

ఇప్పుడు ఇంజనీరు కాగితం. అందులో ‘ఎర్తింగ్ నాట్ ఓకే’ అని తప్ప మీటరు అంకె లేదు. పవర్ సప్లై పరీక్షించినట్టు లేదు, కేబినెట్ మూత తీసినట్టు కూడా లేదు. ఎర్తింగ్ బాగోలేదంటే దాన్ని బాగుచేసి మళ్లీ పిలవమనాలి. మొత్తం వారంటీయే పోయిందని ఆ ఒక్క వరుసతో తేల్చేయడం తొందరపాటు. ఏ షరతు కింద వారంటీ రాదంటున్నారో, ఆ షరతు నంబరుతో సహా రాతపూర్వకంగా అడగండి. ఇకపై ఎవరు వచ్చినా కాగితం పూర్తిగా చదవకుండా సంతకం పెట్టొద్దు. ఒప్పుకోలేకపోతే సంతకం పైన ‘మూత తెరిచి చూడలేదు, నాకు సమ్మతం కాదు’ అని మీ చేతిరాతతో తెలుగులోనే రాయండి. ఆ తర్వాత ఫొటో తీసుకోండి. డిస్కు తీసుకెళ్తామంటే ముందు మీ ఫైళ్లు వేరే చోట దాచుకోండి. అందులో కస్టమర్ల రిజిస్ట్రేషన్ కాగితాలు, ఆధార్ కాపీలు ఉంటాయి కదా.

ఇక ఆ ‘విండోస్ మళ్లీ వేయండి’ అనే జవాబు. ఫోన్‌లో ఉన్న పిల్లవాడి ముందు ఒక స్క్రిప్టు ఉంటుంది. ‘స్లో’ అని విన్నాడంటే ఆ స్క్రిప్టులో వచ్చే జవాబు అదే. అతని తప్పు కూడా కాదు. ఆ దారి మూసేయాలంటే విండోస్ రాకముందే పరీక్ష చేయాలి. కంపెనీ వర్క్‌స్టేషన్లలో ఆన్ చేసేటప్పుడు ఒక మీట నొక్కితే హార్డ్‌వేర్ డయాగ్నస్టిక్స్ వస్తుంది. ఏ మీటో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న పరీక్ష కాకుండా పెద్ద పరీక్ష పెట్టి రాత్రంతా వదిలేయండి. ఏదైనా తప్పు దొరికితే ఒక కోడ్ ఇస్తుంది. విండోస్ నడవని సమయంలో వచ్చిన తప్పుకు విండోస్ కారణం కాలేదు. ఆ కోడ్ ఉన్న మెయిల్‌ను పక్కన పెట్టడం వాళ్లకు కష్టం. కోడ్ రాకపోతే కంగారు పడొద్దు. పవర్ సప్లై జబ్బు చాలాసార్లు ఈ పరీక్షకు దొరకదు, అందుకే ఆ నోట్‌బుక్.

కోర్టు అడిగారు. ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది తీర్పు చెప్పదు కానీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. కొన్నిసార్లు పని అక్కడే జరిగిపోతుంది. జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే, అంటే అనంతపురంలోనే వేయొచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉందని అక్కడికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. సమస్య పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. అవతలివాళ్లు తప్పకుండా లేవనెత్తే మాట ఒకటి చెప్తాను, ఇప్పుడే సిద్ధంగా ఉండండి. ‘వ్యాపారం కోసం కొన్నది, ఈమె వినియోగదారు కాదు’ అంటారు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకునేందుకు కొని, తానే వాడుకునేవాళ్లు వినియోగదారులేనని అదే చట్టంలో వివరణ ఉంది. మీ ముందుగది ఆఫీసు, మీ డిప్లొమా, మీరే గీసిన ప్లాన్లు దానికి రుజువులు. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెప్తుంది కానీ, అంతకంటే ఎక్కువే పట్టొచ్చని మనసులో పెట్టుకోండి. అందుకే నేను దీన్ని చివరి మెట్టు అంటున్నాను. మీకు కావాల్సింది వచ్చే నెలలో పని నడవడం.

డీలరు దగ్గరికి పోయినప్పుడు మొత్తం డబ్బు వెనక్కి అడిగితే ఆయన తలుపు మూసేస్తాడు. ర్యామ్ వెంటనే కొటేషన్ ప్రకారం ఇమ్మనండి. ఈ వర్క్‌స్టేషన్‌ను వెనక్కి తీసుకుని, కోర్లు తక్కువైనా వేగం ఎక్కువున్న ఐ7 తరగతి ప్రాసెసర్, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నది మార్చి ఇమ్మనండి. ధరలో తేడా ఎవరు ఎంత భరించాలో కూర్చుని మాట్లాడుకోండి. అన్నయ్యనో మీ ఆయననో తోడు తీసుకెళ్లండి, కానీ మాట్లాడేది మీరే. ఆ పని తెలిసింది మీకు.

అప్పటిదాకా కస్టమర్ల ఫోన్లు ఎత్తండి చెల్లెమ్మా. ‘కంప్యూటరు రిపేరు, వాక్‌త్రూ పది రోజులు ఆలస్యం, ప్లాన్ మాత్రం రేపు ఇస్తాను’ అంటే మన ఊరి వాళ్లు అర్థం చేసుకుంటారు. ఎత్తకపోతేనే అనుమానం. రెండర్లు తెల్లవారుజామున పెట్టుకోండి.

కంపెనీకి మెయిల్ ఇలా రాయండి, డీలరుకు కూడా కాపీ పెట్టండి: ‘సీరియల్ నంబరు ఇది. బిల్లు తేదీ ఇది. ఈ తేదీల్లో, ఈ వేళల్లో కంప్యూటరు రెండర్ మధ్యలో ఆగిపోయింది, ఆగినప్పుడు ప్రాసెసర్ టెంపరేచర్ ఇంత. మీ సూచన మేరకు ఈ మూడు తేదీల్లో విండోస్ మళ్లీ వేశాను, మార్పు లేదు. మీ ఇంజనీరు చెప్పినట్టు ఎర్తింగ్ సరిచేయించాను, మీటరు ఫొటో జతచేశాను. ఆ తర్వాత కూడా ఈ రోజు ఇన్ని గంటలకు ఆగింది. పవర్ సప్లై పరీక్షించి, లోపం ఉంటే వారంటీ కింద మార్చండి. ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.’ ర్యామ్ మాట, జియాన్ మాట ఈ మెయిల్‌లో కలపొద్దు. అవి డీలరుకు రాసే రెండో మెయిల్‌లో. పంపిన వెంటనే ఒక కేస్ నంబరు వస్తుంది. అది బిల్లు వెనక రాసి పెట్టుకోండి. ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ నంబరు చెప్పి, అందులో ఉన్నదంతా చదివారా అని అడిగి, ఆ తర్వాతే మాట్లాడండి.